ప్యాకేజీ ముప్ఫై లక్షలు.. చేతికొచ్చేది ఎంత?

సంబంధం మాటల్లో అబ్బాయి గుణం, చదువు, ఖాన్‌దాన్ తర్వాత వచ్చే ప్రశ్న 'ప్యాకేజీ ఎంత?' అని. 'ముప్ఫై లక్షలు' అనగానే పన్నెండుతో భాగించి నెలకు రెండున్నర లక్షలని లెక్క కట్టేస్తారు. ఆ లెక్క మీదే ఫ్లాటు, కారు, చెల్లెలి నికాహ్ ఖర్చు అన్నీ అనుకుంటారు. తీరా జీతం బ్యాంకులో పడ్డాక 'మిగతా డబ్బు ఏం చేస్తున్నావు బేటా?' అని అమ్మీ, అబ్బా అడుగుతారు. ఆ అనుమానం ఇంట్లో మనస్పర్థగా మారకముందే అసలు లెక్క తెలుసుకోవడం మంచిది.

ప్యాకేజీ వేరు, జీతం వేరు

ప్యాకేజీ అంటే ఉద్యోగి మీద కంపెనీ ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు. భవిష్య నిధికి యాజమాన్యం కట్టే వాటా, గ్రాట్యుటీ కూడా అందులోనే కలిపి చెబుతారు. అవి ఉద్యోగివే గానీ నెలనెలా చేతికి రావు. ముప్ఫై లక్షల్లో మూల వేతనం 15 లక్షలనుకుందాం. అందులో 12 శాతం, అంటే 1,80,000 యాజమాన్యం తరఫున భవిష్య నిధికి పోతుంది. గ్రాట్యుటీ కింద సుమారు 72,000 పక్కన పెడతారు. మిగిలేది 27,48,000. అసలు జీతం ఇదే.

పన్ను ఎంత?

2025-26 సంవత్సరపు కొత్త పన్ను విధానంలో ఉద్యోగులకు ముందుగా 75,000 తీసేస్తారు. మిగిలిన 26,73,000లో మొదటి నాలుగు లక్షలకు పన్ను లేదు. ఆపైన 24 లక్షల వరకు ప్రతి నాలుగు లక్షలకు వరుసగా 5, 10, 15, 20, 25 శాతం. అది దాటిన సొమ్ముకు 30 శాతం.

'ముప్ఫై శాతం స్లాబులో పడితే జీతంలో మూడో వంతు పోయినట్టే' అని చాలామంది భయపడతారు. అది అపోహ. 30 శాతం పడేది 24 లక్షలు దాటిన 2,73,000 మీదే. సెస్సుతో కలిపి మొత్తం పన్ను 3,97,176. జీతంలో ఇది దాదాపు పద్నాలుగున్నర శాతం.

దీనికి తోడు ఉద్యోగి వాటా భవిష్య నిధి 1,80,000, వృత్తి పన్ను 2,400 కోస్తారు. చివరికి ఏడాదికి చేతికొచ్చేది 21,68,424. నెలకు సుమారు 1,80,700. రెండున్నర లక్షలనుకున్న చోట దాదాపు 70 వేలు తక్కువ. ప్యాకేజీలో కొంత భాగం ఏడాదికోసారి ఇచ్చే బోనస్ అయితే నెల జీతం ఇంకా తగ్గుతుంది. పనితీరును బట్టి ఇచ్చే బోనస్ పూర్తిగా వస్తుందన్న హామీ కూడా ఉండదు.

పాత విధానం ఎంచుకునే వీలూ ఉంది. ఇంటి రుణం వడ్డీ, అద్దె, పొదుపు వంటి మినహాయింపులు బాగా ఉన్నవారికే అది లాభం. వడ్డీకి దూరంగా ఉండాలని ఇంటి రుణం తీసుకోని కుటుంబాలకు చాలావరకు కొత్తదే మేలు.

పరదేశంలో ఉంటే

సౌదీ, దుబాయ్‌లలో జీతం మీద ఆదాయపు పన్ను లేదు. అమెరికాలో ఫెడరల్ పన్నుతో పాటు సోషల్ సెక్యూరిటీకి 6.2 శాతం, మెడికేర్‌కు 1.45 శాతం కోస్తారు. కాలిఫోర్నియాలో రాష్ట్ర పన్ను అదనం, టెక్సాస్‌లో అది లేదు. కాబట్టి రియాళ్ల జీతాన్నీ డాలర్ల జీతాన్నీ ఒకే తక్కెడలో తూచకూడదు.

జకాత్ మాటేమిటి?

ఆదాయపు పన్ను కట్టినంత మాత్రాన జకాత్ తీరిపోదు. జకాత్ జీతం అంకె మీద కాదు. ఖర్చులు పోను మిగిలి, నిసాబ్‌కు చేరి, చాంద్రమాన సంవత్సరం నిలిచిన సొమ్ము మీద రెండున్నర శాతం.

ఇకపై 'ప్యాకేజీ ఎంత?' అని అడగకండి, జీతం చీటీలో ఆఖరి అంకె ఎంతో అడగండి. నెలసరి వాయిదాలు, పెళ్లి ఖర్చులు, ఇంటికి పంపే సొమ్ము దాని మీదే నిర్ణయించుకోండి. అప్పుడు కొడుకు మీద మోయలేని భారం పడదు, తల్లిదండ్రులకు అనుమానమూ ఉండదు.