పెళ్లిచూపుల జవాబు లాంటి మీటింగ్: సెండాయ్‌లో ఐదు రోజులు

పోయిన ఎపిసోడ్‌లో జపాన్ ట్రిప్ గురించి చెప్తానన్నాను కదా, ఇదిగో చెప్తున్నాను. టూర్ వీడియోలా ఉండదు, ముందే చెప్తున్నా. మా కాలేజీలో పాఠాలు చెప్పడంతో పాటు విదేశీ యూనివర్సిటీలతో ఒప్పందాల పని కూడా నాదే. ఆ పని మీదే వెళ్లాను.

అసలు ఎందుకు వెళ్లాల్సి వచ్చిందంటే, ఒక స్టూడెంట్ వల్ల. మా మూడో సంవత్సరం అబ్బాయి అంతకు ముందు ఏడాది ఎక్స్ఛేంజ్ మీద సెండాయ్ వెళ్లాడు. అక్కడ అన్నీ పాసయ్యాడు. తిరిగొచ్చాక మేమే అతని క్రెడిట్స్‌లో సగం ఒప్పుకోలేదు. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు జరుగుతుంటే మధ్యలో మూడు సబ్జెక్టులు మళ్లీ రాశాడు. "మేడమ్, వెళ్లకుండా ఉంటే బాగుండేదా?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

తప్పు ఎక్కడ జరిగిందో చూడండి. మన బీటెక్‌కి నాలుగేళ్లలో దాదాపు 160 క్రెడిట్స్, అంటే సెమిస్టర్‌కి సుమారు 20. జపాన్‌లో మామూలు డిగ్రీకి కనీసం 124 చాలు, అంటే సెమిస్టర్‌కి 15, 16. అక్కడ ఫుల్ లోడ్ చదివినా ఇక్కడికి వచ్చేసరికి తక్కువే. ఇంకోటి క్యాలెండర్. వాళ్ల విద్యాసంవత్సరం ఏప్రిల్‌లో మొదలు, రెండో సెమిస్టర్ అక్టోబర్ నుంచి ఫిబ్రవరి దాకా. మనది జులై నుంచి డిసెంబర్, మళ్లీ జనవరి నుంచి మే. అక్టోబర్‌లో వెళ్లినవాడికి మన రెండు సెమిస్టర్లూ సగం సగం చిరుగుతాయి.

మరి ఒప్పందం ఉంది కదా అంటారేమో. ఉన్నది ఎంఓయూ. "కలిసి పని చేద్దాం" అనే ఉద్దేశం మాత్రమే అందులో ఉంటుంది, మామూలుగా దానికి చట్టపరంగా పెద్ద బలం ఉండదు. కాలేజీ ఫ్లెక్సీల మీద కరచాలనం ఫొటోలు చూస్తారే, చాలావరకు అవి ఇవే. స్టూడెంట్‌కి పనికొచ్చేది వేరు: ఎక్స్ఛేంజ్ అగ్రిమెంట్. ఫీజు ఇక్కడే కట్టి అక్కడ ట్యూషన్ మాఫీ అని సాధారణంగా రాసేది అందులోనే. ఏ సబ్జెక్టు బదులు ఏ సబ్జెక్టు అని వెళ్లకముందే సంతకాలు చేసే కాగితం ఇంకొకటి, దాన్ని లెర్నింగ్ అగ్రిమెంట్ అంటారు. మా అబ్బాయికి ఆ రెండోది లేదు.

సరే, టోక్యో నుంచి షింకన్‌సెన్‌లో గంటన్నర. రైలు ఎక్కగానే అమ్మ ఫోన్. "చేరావా, తిన్నావా" అని స్పీకర్ ఆన్ చేసినట్టే వినపడుతుంది అమ్మ గొంతు. బోగీ మొత్తం నిశ్శబ్దం. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు, అదే ఎక్కువ సిగ్గనిపించింది. అక్కడ కాల్ వస్తే పెట్టెల మధ్య ఖాళీలోకి వెళ్లి మాట్లాడతారు. ఫోన్ సైలెంట్ మోడ్‌కి వాళ్ల పేరు 'మ్యానర్ మోడ్'.

మొదటి రోజు మీటింగ్. విజిటింగ్ కార్డు రెండు చేతులతో ఇవ్వాలి, తీసుకున్నది చదివి టేబుల్ మీద పెట్టుకోవాలి, జేబులో కుక్కకూడదు. ఇంతవరకు యూట్యూబ్‌లో చూసుకునే వెళ్లాను. స్లైడ్లన్నీ చూపించి, "రేపు సంతకాలు చేసుకుందామా?" అని అడిగాను. నిశ్శబ్దం. తర్వాత పెద్ద ప్రొఫెసర్‌గారు చిరునవ్వుతో "కెంతో షిమాసు" అన్నారు. పరిశీలిస్తాం అని అర్థం. పని అయిపోయిందని సంతోషంగా మా డీన్‌కి మెసేజ్ కూడా పెట్టేశాను!

సాయంత్రం అక్కడ రీసెర్చ్ చేస్తున్న గుంటూరు వైపు తమ్ముడొకడు నవ్వాపుకోలేకపోయాడు. "అక్కా, పెళ్లిచూపుల్లో 'ఇంటికెళ్లి కబురు చేస్తాం' అంటారు చూడండి, చాలాసార్లు అదే ఇది."

అతనే నెమవాషి గురించి చెప్పాడు. చెట్టును వేరే చోట నాటే ముందు చుట్టూ తవ్వి వేళ్లను సిద్ధం చేయడాన్ని అలా అంటారట. ఆఫీసు భాషలో అయితే మీటింగ్‌కి ముందే ఒక్కొక్కరిని విడిగా కలిసి, వాళ్ల అభ్యంతరాలు విని, కాగితం సరిచేసుకోవడం. మీటింగ్‌లో తేల్చేది తక్కువ, తేలినదాన్ని ప్రకటించేదే ఎక్కువ. మన దగ్గర కూడా పని ఇలాగే అవుతుంది, కాకపోతే మనం దాన్ని 'లాబీయింగ్' అని తిడతాం.

తర్వాత రెండు రోజులు గదులు తిరిగాను. అసలు విషయం చెప్పింది ప్రొఫెసర్లు కాదు, అకడమిక్ సెక్షన్‌లో ఉన్న ఒక గుమస్తా గారు. శరత్కాలం సెమిస్టర్ మార్కులు వాళ్లు మార్చిలో గానీ ఇవ్వరట. మా పరీక్షల విభాగం జనవరిలోనే అడుగుతుంది, రాకపోతే 'విత్‌హెల్డ్' అని వేసేస్తుంది. అబ్బాయి మార్కుల మెమోలో ఆ మాట ఎందుకొచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. రెండు చోట్లా ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ అడగనూ లేదు.

ఆయన ఇంకా చాలా అడిగారు. పిల్లవాడికి జబ్బు చేస్తే ఎవరు బాధ్యులు? అక్కడ మూడు నెలలకి మించి ఉండే స్టూడెంట్లు నేషనల్ హెల్త్ ఇన్సూరెన్స్‌లో చేరాల్సిందే, చేరితే చికిత్స బిల్లులో 30 శాతం మనం కట్టాలి. వీసాకి ముందు సర్టిఫికెట్ ఆఫ్ ఎలిజిబిలిటీ రావాలి, దానికే నెలలు పట్టొచ్చు. పార్ట్‌టైమ్ పనికి విడిగా పర్మిషన్, వారానికి 28 గంటలు దాటకూడదు. ఇవన్నీ మా డ్రాఫ్ట్‌లో లేవు.

తిండి సంగతి ఒక్క ముక్క. శాకాహారులైతే "మాంసం లేదు" అన్న మాటను నమ్మొద్దు. మిసో సూప్‌లో చేప వాసన నీళ్లు, అంటే దాషి, చాలాసార్లు ఉంటుంది. నేను రెండు రోజులు తాగాక తెలిసింది. సెండాయ్‌లో జుందా మోచి మాత్రం వదలకండి, పచ్చి సోయా గింజలు నూరి చేసిన తీపి ముద్ద. మన పూర్ణానికి దూరపు చుట్టం.

ఐదో రోజు మళ్లీ మీటింగ్, పావుగంట పట్టింది. అప్పుడూ సంతకం కాలేదు, కాగితం వాళ్ల ఆఫీసుల్లో ఒక్కో ముద్ర వేయించుకుంటూ తిరిగి తిరిగి పదకొండు వారాలకి వచ్చింది. అందులో ఉన్నవి: వెళ్లేవాళ్లు జులై నుంచి సెప్టెంబర్‌లో రెండు సబ్జెక్టులు ఇక్కడే పూర్తి చేస్తారు, మిగతావి ముందే జత కలిపి రాసుకుంటాం, ల్యాబ్ వేసవిలో, మార్కుల కోసం మేం మార్చి దాకా ఆగుతాం.

ఈసారి ఇద్దరు వెళ్తున్నారు. ఆ అబ్బాయికి ఉద్యోగం వచ్చింది, ఆ రెండు నెలల ఆలస్యం మాత్రం మేం తిరిగి ఇవ్వలేం. వాళ్లిద్దరి లెర్నింగ్ అగ్రిమెంట్ చూడమని అతనికే పంపాను. ఒక సబ్జెక్టు కింద ఎర్రగీత గీసి పంపాడు: "మేడమ్, ఇది అక్కడ ఏప్రిల్‌లో మాత్రమే చెప్తారు."