ఒంటి తీగా, పోగుల వైరా?

షాపుకెళ్లి వైరు అడిగితే ఎదురుప్రశ్న వస్తుంది: సింగిలా, మల్టీనా? మనలో చాలామంది ఏదో ఒకటి అనేసి తెచ్చేసుకుంటాం. రెండిట్లోనూ ఉన్నది రాగే కదా! నిజమే, కరెంటు మోయడంలో పెద్ద తేడా లేదు. పోగులెక్కువైతే కరెంటెక్కువ మోస్తుందన్నది అపోహ, మొత్తం రాగి ఎంతుందన్నదే లెక్క. స్కిన్ ఎఫెక్ట్ గుర్తొచ్చిన ట్రిపుల్‌ఈ వాళ్లకి ఒక మాట: 50 హెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ లోతు 9 మి.మీ. దాటుతుంది. మన వైర్లకి ఆ బెంగ లేదు.

అసలు తేడా వంగడంలో ఉంది. ప్లయర్ అందుబాటులో లేనప్పుడు తీగని అటూ ఇటూ వంచి తెంపుతాం కదా, తిరిగే టేబుల్ ఫ్యాను మెడ లోపలి వైరుకి రోజంతా చేసేది అదే. 1 మి.మీ. ఒంటి తీగని 10 మి.మీ. వ్యాసార్ధంలో వంచితే పైపొర సుమారు 5 శాతం సాగుతుంది. 0.2 మి.మీ. పోగైతే 1 శాతమే. 14/36 వైరు అంటే 36 గేజి పోగులు పద్నాలుగు, ఒక్కోటీ 0.2 మి.మీ. లోపే. పైగా వంగేటప్పుడు ఒకదాని మీద ఒకటి జారతాయి.

విజయవాడ ఆటోనగర్‌లో లారీలకి పోగుల వైరే లాగేది ఇందుకే. ఇంజను అదురుకి ఒంటి తీగ నిలవదు. ఇంట్లో మిక్సీ, ఇస్త్రీపెట్టె, చార్జర్, కదిలే వైరు ఏదైనా ఇంతే. కూలర్ దగ్గర మరీ జాగ్రత్త. మే నెలంతా నీళ్లూ, అదురూ. తెగిన ఫేజు కొస రేకు బాడీకి తగిలి, ఎర్తు కూడా లేకపోతే ముట్టుకున్నవాళ్ల ప్రాణం మీదికొస్తుంది.

అలాగని ఒంటి తీగని తీసిపారేయక్కర్లేదు. బ్రెడ్‌బోర్డులోకి అది సూదిలా దిగుతుంది, పోగులైతే విచ్చుకుంటాయి. పీసీబీ మీద ట్రాక్ కాలినచోట జంపర్‌కీ అదే మేలు, వంచిన ఆకారంలోనే ఉంటుంది. కత్తిరించి పడేసిన రెసిస్టర్ కాలు కూడా చాలు.

మన రిపేర్లు ఎక్కువగా చెడేది మాత్రం కొస దగ్గర. టంకం పెట్టగానే అది పోగుల సందుల్లోంచి ఇన్సులేషన్ కిందికి పాకుతుంది. అంతవరకూ అది ఒంటి తీగ అయిపోయినట్టే! వైరు తెగేది సరిగ్గా ఆ గట్టిభాగం ఆగినచోట. అందుకే ఐరన్ ఎక్కువసేపు ఆనించొద్దు, పైన హీట్ ష్రింక్ స్లీవ్ తొడగండి, వైరుని బాడీకి ఓ ట్యాగుతో కట్టేయండి. కదలిక జాయింటు దాకా రాకూడదు.

స్క్రూ కింద బిగించే కొసకి టంకం పూస్తే పని నీటుగా కనిపిస్తుంది గానీ, వద్దు. టంకం మెత్తన. నొక్కుడుకి మెల్లగా జరిగి పట్టు వదులవుతుంది, వేడెక్కుతుంది, ప్లగ్గు మాడుతుంది. లగ్గు వేసి క్రింప్ చేయండి.

ఇక మచిలీపట్నం వైపు వాళ్లకి. ఉప్పుగాలికి ఉత్త రాగి పోగులు నల్లబడి టంకం అంటదు. తగరం పూత వైరు అడగండి, వెండిరంగులో ఉంటుంది. కొనేముందు ఒక పోగు గీకి చూడండి. లోపల ఎర్రగా రాగి కనబడాలి. తెల్లగానే ఉంటే అది అల్యూమినియం కావచ్చు, తిరిగిచ్చేయండి.