సర్కారు లాయరు ఎవరికిస్తారు?

అమెరికా సినిమాల్లో పోలీసులు బేడీలు వేస్తూనే "లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే మేమే ఇస్తాం" అని గడగడా అప్పజెబుతారు. అవి చూసి చూసి, ప్రపంచమంతా ఇంతే అనుకుంటాం. సింగపూరులో అలా కాదు. ఇక్కడి రాజ్యాంగం 9వ అధికరణం మీకు నచ్చిన లాయర్ని పెట్టుకోమంటుంది గానీ, ఫీజెవరు కడతారో చెప్పదు. 1985 నుంచి లా సొసైటీ వాళ్ళ క్రిమినల్ లీగల్ ఎయిడ్ స్కీమే పేదవాళ్ళకు దిక్కు. దానికి ప్రభుత్వం డబ్బివ్వడం 2015లో మొదలైంది. జీతమిచ్చి డిఫెండర్లను పెట్టిన పబ్లిక్ డిఫెండర్స్ ఆఫీసు వచ్చింది 2022 డిసెంబరులో.

అర్హత లెక్క మా ప్రోగ్రాముల్లో 'అండ్' కండిషన్ లాంటిది. ఒక్కటి తప్పినా మొత్తం తప్పినట్టే. సింగపూరు పౌరుడో, పి.ఆరో అయి ఉండాలి. క్రిమినల్ కేసులో ఛార్జి పడి ఉండాలి. ఇంట్లో తలసరి నెల ఆదాయం, ఆఫీసు తెరిచిననాటి లెక్కలో, 1,500 డాలర్లు దాటకూడదు. నలుగురున్న ఇంటికి 6,000 వస్తే సరిగ్గా గీత మీదున్నట్టు. అదే 6,000 ముగ్గురున్న ఇంట్లో అయితే తలకు 2,000, ఆశ వదులుకోవాల్సిందే. ఒక్కడి జీతం కాదు, ఇంటిల్లిపాదిదీ కలిపి చూస్తారు. కొడుకు ఉద్యోగం తండ్రి కేసుకు అడ్డొస్తుందన్న మాట! సొంతిల్లు ఉంటే దాని వార్షిక విలువ, బ్యాంకులో దాచిన డబ్బు కూడా చూస్తారు. ఇవన్నీ దాటాక కేసులో పస ఉందా అని ఇంకో వడపోత. చిన్నచిన్న ట్రాఫిక్ కేసులకు లాయరునివ్వరు. అర్హులకు కూడా కొంత కట్టమనవచ్చు.

ఆమధ్య షిప్‌యార్డులో వర్క్ పర్మిట్ మీద పనిచేసే నిజామాబాదు కుర్రాడొకడు నన్నడిగాడు: "అన్నా, గా సర్కారు లాయరు మాకిస్తరా?" ఇవ్వరు. మొదటి కండిషన్ దగ్గరే ఆగిపోతాడు. ఎంత తక్కువ జీతమైనా సరే.

నాకు మింగుడు పడనిది ఇదే. ఈ ఆఫీసు పెట్టాలన్న చర్చ ఊపందుకున్నది పార్తి లియానీ కేసు తర్వాత. దొంగతనం నేరం మీద 2019లో ఆ ఇండోనేషియా పనిమనిషికి 26 నెలల శిక్ష పడింది. 2020 సెప్టెంబరులో హైకోర్టు కొట్టేసింది. ఆమె తరఫున ఫీజు తీసుకోకుండా వాదించింది అనిల్ బాల్‌చందానీ. ఇవాళైనా ఆమె పరదేశి గనక ఈ ఆఫీసు గుమ్మం ఎక్కలేదు.

ఇండియాలో 1987 నాటి లీగల్ సర్వీసెస్ చట్టం ప్రకారం కస్టడీలో ఉన్నవాడికి ఆదాయం అడగకుండానే లాయరునివ్వాలి. ఇక్కడ ఆదాయమూ, జాతీయతా రెండూ అడగనిది ఉరిశిక్ష పడే కేసుల్లోనే. వాటికి సుప్రీంకోర్టు వాళ్ళ లాస్కో పథకం ఉంది, పరదేశికైనా లాయర్లనిస్తారు.

ఆ కుర్రాడికి చెప్పింది ఇదీ: మీలాంటి వాళ్ళు వెళ్ళాల్సింది ప్రో బోనో ఎస్‌జీకి. క్రిమినల్ లీగల్ ఎయిడ్ స్కీమును ఇప్పుడు నడిపేది వాళ్ళే. అక్కడా ఆదాయం చూస్తారు గానీ పాస్‌పోర్టు రంగు చూడరు. ఛార్జి కాగితం, జీతం చీటీలు పట్టుకెళ్ళాలి.