వైకల్య పరీక్షకు పోవువారికి దారి సుగమము కావలెను

మగ్గపు గుంటలో ముప్పది నలుబది ఏండ్లు కూర్చున్నవారికి మోకాళ్ళు, నడుము, కండ్లు ఏ స్థితికి వచ్చునో మనకు వేరే చెప్పనక్కరలేదు. పుట్టుకతోనే చెవుడు, కాలి లోపము, బుద్ధిమాంద్యము గల బిడ్డలున్న ఇండ్లును మనలో కలవు. వీరికి ప్రభుత్వమిచ్చు సహాయములకెల్ల ఆధారము వైద్యపరీక్ష, దానిపై ఇచ్చు సర్టిఫికెట్టు. అయితే నడవలేనివాడు ఆ పరీక్ష బల్ల వరకు ఎట్లు చేరవలెనో ఆలోచించువారు తక్కువ.

1995 నాటి చట్టమునకు బదులుగా 2016లో వికలాంగుల హక్కుల చట్టము వచ్చినది. 2017 ఏప్రిల్ 19 నుండి అది అమలులో ఉన్నది. అందులో 21 విధముల వైకల్యములు గుర్తింపబడినవి. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యమున్నట్లు సర్టిఫికెట్టు పొందినవారికే ముఖ్యమైన సౌకర్యములు లభించును. మన రాష్ట్రమున వికలాంగుల పింఛను 2023 జనవరి నుండి నెలకు 1,000 రూపాయల నుండి 1,500కు పెరిగినది. నేతపని మానుకొన్న ఇంటికి అది చిన్న మొత్తము కాదు.

ఇక్కడనే ఒక చిక్కున్నది. 2021 నుండి ప్రభుత్వపు సాధారణ టౌను బస్సులలో వికలాంగులకును, తోడు వచ్చు ఒకరికిని టిక్కెట్టు లేదు. కాని ఆ సౌకర్యమునకు కార్డు చూపవలెను. కార్డు రావలెనన్న ముందు పరీక్షకు పోవలెను. అనగా మొదటి ప్రయాణము, అన్నిటికన్న కష్టమైనది, సొంత ఖర్చుతోనే. తేని జిల్లా ప్రధాన ప్రభుత్వాసుపత్రి మన పెరియకుళములోనే ఉండుట ఊరివారికి మేలు. చుట్టుపట్ల పల్లెలవారికి మాత్రము ఆటో కూలియు, తోడు వచ్చువాని ఒకనాటి నేతకూలియు కలిసి భారమే.

ఆసుపత్రులలో అన్ని భాగములకు అడ్డంకి లేక పోగలుగుట, వైద్యమున ముందుగా చూడబడుట ఈ చట్టపు 25వ సెక్షను ప్రకారము హక్కులు. మెట్ల ప్రక్కన వాలుబాట ఉండిన చాలదు. ఒక అడుగు ఎత్తునకు 12 అడుగుల పొడవు ఉండవలెనని ప్రభుత్వ కొలత. అంతకన్న నిటారుగా ఉండిన చక్రాల కుర్చీ త్రోయువాని చేయి జారును. ఈ సౌకర్యముల విషయమున తప్పనిసరి నియమములు చేయవలెనని 2024 నవంబరు 8న సుప్రీంకోర్టు కేంద్ర ప్రభుత్వమును ఆదేశించినది. కావున దారి అడుగుట యాచన కాదు.

మన సభ్యుడొకరిని ఒకచోట కుమారుడు వీపున మోసికొని మేడ ఎక్కించెను. ఆ వైద్యుడు ఆ దినము రాడని పైన తెలిసినది. ఇట్టి శ్రమ తప్పుటకు ముందుగా నాలుగు సంగతులు విచారింపవలెను: సంబంధించిన వైద్యుడు ఏ దినము వచ్చును? గది క్రింద ఉన్నదా, మేడపైనా, లిఫ్టు పనిచేయునా? చక్రాల కుర్చీ దొరకునా? కుర్చీతో పోదగిన మరుగుదొడ్డి ఉన్నదా? చెవిటివారు వచ్చినప్పుడు పేరు పిలిచిన వినబడదని, చేయి చూపి పిలువవలెనని చీటీ ఇచ్చు ఉద్యోగితో ముందే చెప్పవలెను.

మన ఇండ్లకే ప్రత్యేకమైన అడ్డంకి భాష. పెద్దలకు అరవము బాగుగా వచ్చును. కాని బుద్ధిమాంద్యము గల బిడ్డకు ఇంటి తెలుగు తప్ప వేరు మాట తెలియకపోవచ్చును. అరవమున అడిగిన ప్రశ్నకు బిడ్డ మౌనముగా ఉండిన, అది తెలివి లోపమా, భాష తెలియకపోవుటా అని ఎట్లు తేలును? బిడ్డకు తెలుగు మాత్రమే తెలియునని తల్లి మొదటనే చెప్పి, ప్రశ్నను తెలుగున అడుగుటకు అనుమతి కోరవలెను. బిడ్డ బదులు తానే జవాబు చెప్పరాదు.

మరియొక మాట. మనవారికి అభిమానము మెండు. నొప్పి ఓర్చుకొని నాలుగడుగులు నడిచి, “నాకేమి, బాగుగనే ఉన్నాను” అందురు. పరీక్ష దినమున అట్లనరాదు. ఇంటిలో ఏ పని ఇతరుల సాయము లేక చేయలేరో, తొక్కుడుకర్ర ఎంతసేపు తొక్కగలరో ఉన్నదున్నట్లు చెప్పవలెను. ఎక్కువ చెప్పుట మోసము. తక్కువ చెప్పుట ఇంటివారికి నష్టము.

సర్టిఫికెట్టు నిరాకరింపబడినచో కారణములు వ్రాతమూలకముగా పొందు హక్కున్నది. నిర్ణయము సమ్మతము కానిచో 59వ సెక్షను ప్రకారము అప్పీలు చేసికొనవచ్చును.

దరఖాస్తు ఇప్పుడు ఇంటర్నెట్టు ద్వారానే చేయవలెను గనుక చదువుకొన్న యువకులు ఇ-సేవా కేంద్రమునకు తోడు పోవలెను. ఒకే వీధివారు ఒకే దినమున పోవునట్లు ఏర్పాటు చేసికొనిన ఆటో కూలి పంచుకొనవచ్చును. సంఘము ఒక చక్రాల కుర్చీని కొని, కావలసినవారికి ఎరువిచ్చు విషయమును వచ్చే సర్వసభ్య సమావేశమున చర్చించుట యుక్తము. ఇట్టివారున్న ఇండ్లవారు ఆ లోపల పేరు, అవసరము సంఘ కార్యాలయమున వ్రాయింప ప్రార్థన.

— కార్యదర్శి, పెరియకుళం