గనినేలపై మరల అడవి

విద్యార్థులారా! కవరైపేట్టై పరిసరములలో ఇటుకలకై మన్ను త్రవ్విన గుంటలను మీరు చూచియే యుందురు. త్రవ్వకము ముగిసిన పిదప అచ్చట మొదట తలయెత్తునది సర్కారు తుమ్మ. తమిళులు దీనినే సీమైకరువేల మందురు. పచ్చగా నున్నది గదా, అడవి వచ్చినట్లే యని మనము తలంతుము. అది యెంతవరకు నిజమో ఢిల్లీ చెంతనున్న గురుగ్రామము చెప్పగలదు.

అచ్చట ఆరావళి కొండలలో సుమారు 380 ఎకరముల నేలయందు పెక్కేండ్లు రాతిగనులు నడచినవి. అవి మూతపడగా మిగిలినవి గోతులు, రాళ్లగుట్టలు, ఈ తుమ్మయే. 2010 జూన్ 5వ తేదీన నగరపాలక సంస్థయు, ‘అయామ్ గుడ్‌గావ్’ అను పౌరసంఘమును కలిసి అచ్చట ఆరావళి జీవవైవిధ్య వనమును ప్రారంభించిరి. విజయ్ ధస్మానా అను ప్రకృతిజ్ఞుడు మొక్కల పని చేపట్టెను.

సర్కారు తుమ్మ మన దేశపు చెట్టు కాదు. అమెరికా ఖండమునకు చెందిన దాని విత్తనములను 1877లో కడప జిల్లా కమలాపురమున నాటిరి. పేదలకు వంటచెఱకు నిచ్చిన మేలు దానికి కలదు. కాని దాని నీడలో ఇతర మొక్కలు ఎదుగుట కష్టము. నరికినను మోడు మరల చిగిర్చును.

దానిని తొలగించుటకంటె, బదులు నాటవలసిన మొక్కలను సంపాదించుట కష్టమయ్యెను. నర్సరీలలో దొరకునవి అలంకారపు మొక్కలే. (నేనును ఒకప్పుడు బడి ఆవరణమున తురాయి నాటించి మురిసితిని; అది మడగాస్కరు చెట్టని యోచింపలేదు.) కావున వారు ఆరావళి అడవులలో విత్తనములు ఏరి, సొంత నారుమడి పెంచిరి. సమీపమున మంగర్‌బనీ అను పవిత్రవనము కలదు. కొమ్మ విరువరాదని అచ్చటి గ్రామస్థులు తరతరములుగా పాటించిన నియమము వలన ఆరావళి చెట్లు అందు నిలిచియున్నవి.

రాతివాలులలో అందుగును, తపసిని, మన్ను నిలిచిన చోట మోదుగను నాటిరి. ఈ పేర్లు మనకు క్రొత్తవి కావు. మోదుగాకు విస్తరిలో భుజించినవారు మన పెద్దలలో నెందరో కలరు. నల్లమలలో చెంచులు తపసిబంకను సేకరింతురు. ఏటికొప్పాక బొమ్మలకు కఱ్ఱనిచ్చు అంకుడు చెట్టును ఆ వనమున కలదు.

రాళ్లనడుమ నడకదారులు వేసి ప్రజలను రానిచ్చిరి. 2019లో వనము గుండా రహదారి వేయు ప్రతిపాదన రాగా, ఎదురు నిలిచినది నగరవాసులే. అభయారణ్యము కాకున్నను జీవజాతులను కాపాడు ప్రాంతములలో దేశమున మొదటిదిగా 2022లో ఈ వనమునకు గుర్తింపు లభించెను.

మన గుంటల గట్లపై పూర్వము ఏ చెట్లుండెడివో మీ తాతలను, అవ్వలను అడుగుడు. పేరును తెలుగునను, తమిళమునను వ్రాసి, విత్తనము రాలు నెలను ప్రక్కన గుర్తించి నా యొద్దకు తెండు.