39వ స్థానం తెరిచిన తలుపు
తొలి ఆల్బమ్‌తోనే బ్రిటన్ టాప్ 40లోకి దూసుకెళ్లిన శాక్సఫోన్ కళాకారుడు కోర్ట్‌నీ పైన్. ఆ విజయం తర్వాతి తరానికీ దారి చూపింది

రైల్వే కొలువు కోసం ఊరు వదిలిన తాతల కథ ఖరగ్‌పూర్ తెలుగువారికి కొత్త కాదు. బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు చుట్టూ ఎదిగిన ఆ పట్టణంలో తెలుగు కుటుంబాలు తరాలుగా స్థిరపడ్డాయి. సముద్రాల అవతలా అలాంటి కథే ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పనివాళ్లు కరువైన బ్రిటన్‌కు జమైకా, బార్బడోస్ లాంటి కరేబియన్ దీవుల నుంచి జనం తరలివెళ్లారు. లండన్ బస్సుల్లో, రైళ్లలో, ఆస్పత్రుల్లో పనిచేశారు. లండన్‌లో పుట్టిన వారి పిల్లలకు మాత్రం ఒక ప్రశ్న మిగిలింది: ఇక్కడ మాదంటూ ఏముంది? దానికి ఒక జవాబు 1986లో శాక్సఫోన్ నుంచి వచ్చింది.

జమైకా దంపతులకు 1964లో లండన్‌లో పుట్టిన పైన్ మొదట క్లారినెట్, తర్వాత శాక్సఫోన్ పట్టారు. రెగే బృందాల్లో వాయించారు. సోనీ రోలిన్స్, జాన్ కోల్‌ట్రేన్ రికార్డులు ఆయన్ను జాజ్ వైపు లాగాయి. కానీ ఆ రంగంలో నల్లజాతి కుర్రాళ్లకు వేదికలు అంతంతమాత్రమే. దాంతో పైన్, ఆయన సహచరులు కలసి జాజ్ వారియర్స్ పేరిట సొంత బృందాన్నే కట్టుకున్నారు.

ఐలండ్ రికార్డ్స్‌కు చెందిన యాంటిలీస్ లేబుల్ 1986లో పైన్ తొలి ఆల్బమ్ 'జర్నీ టు ది అర్జ్ వితిన్'ను విడుదల చేసింది. అప్పుడాయన వయసు 22 ఏళ్లు. పాప్ తారలు ఏలే ఆల్బమ్ చార్టులో అది 39వ స్థానానికి చేరింది, సిల్వర్ డిస్క్ కూడా సాధించింది. చూడ్డానికి చిన్న అంకెే అయినా, జాజ్ అమ్ముడుపోదన్న నమ్మకాన్ని అది దెబ్బతీసింది.

కాలమూ కలిసొచ్చింది. లండన్ క్లబ్బుల్లో డీజేలు పాత జాజ్ రికార్డులు వేస్తుంటే కుర్రకారు నాట్యమాడుతున్న రోజులవి. పైగా ఆల్బమ్‌లో కోల్‌ట్రేన్ బాటలో సాగే వాద్య సంగీతంతో పాటు, ఒకప్పటి సుప్రీమ్స్ గాయని సుసే గ్రీన్ పాడిన 'చిల్డ్రన్ ఆఫ్ ది గెట్టో' కూడా ఉంది. జాజ్ తెలియని శ్రోతలను లోపలికి పిలిచే పాట అది.

పైన్‌కు దక్కిన ఆదరణ ముందు తరానికి దక్కలేదు. జమైకా నుంచే వచ్చిన శాక్సఫోన్ దిగ్గజం జో హారియట్ 1960ల్లో కలకత్తాలో పుట్టిన ఆంగ్లో ఇండియన్ స్వరకర్త జాన్ మేయర్‌తో కలసి జాజ్‌నూ భారతీయ రాగాలనూ జోడించారు. అంతటి ప్రయోగశీలి 1973లో 44 ఏళ్లకే చేతిలో చిల్లిగవ్వ లేకుండా కన్నుమూశారు.

పైన్ విజయం చూసి రికార్డు కంపెనీలు మరికొందరు యువ జాజ్ కళాకారులతోనూ ఒప్పందాలు చేసుకున్నాయి. ఆ మోజు ఎంతోకాలం నిలవలేదు. అయితే అప్పటికే సంగీతకారులు కంపెనీల దయ కోసం చూడటం మానేశారు. జాజ్ వారియర్స్‌లో బాస్ వాయించిన గ్యారీ క్రాస్బీ, జనీన్ ఐరన్స్‌తో కలసి 1991లో 'టుమారోస్ వారియర్స్' ప్రారంభించి యువతకు శిక్షణ ఇవ్వసాగారు. పైన్‌ను బ్రిటన్ ప్రభుత్వం 2000లో ఓబీఈతో, 2009లో సీబీఈతో గౌరవించింది.

క్రాస్బీ శిక్షణలో ఎదిగిన శాక్సఫోన్ కళాకారిణి నుబయా గార్సియా తొలి ఆల్బమ్ 'సోర్స్' 2020లో వచ్చింది. మరుసటి ఏడాది ప్రతిష్ఠాత్మక మెర్క్యురీ ప్రైజ్ తుది జాబితాకెక్కింది. అదే గూటి నుంచి వచ్చిన ఎజ్రా కలెక్టివ్ 2023లో ఏకంగా ఆ బహుమతినే గెలుచుకుంది. ఒక జాజ్ బృందానికి అది దక్కడం అదే మొదటిసారి. 39వ స్థానం నుంచి అక్కడికి చేరడానికి 37 ఏళ్లు పట్టింది. ప్రయాణం మొదలైంది మాత్రం ఒక తొలి ఆల్బమ్‌తోనే.