ధ్వనిని తూచిన ఇంజనీరు

పాట యనగా గాలి ఒత్తిడిలో కలుగు హెచ్చుతగ్గుల వరుస. మైక్రోఫోను ఆ హెచ్చుతగ్గులను వోల్టేజిగా మార్చును. గ్రామఫోను పలకపై ఆ ఆకారమే గాడిగా చెక్కబడును. టేపుపై అదియే అయస్కాంతపు ముద్రగా పడును. ఈ రెండు పద్ధతులకును ఒకటే దోషము. గాడి అరిగినను, టేపు నలిగినను ఆ చెడుపు పాటలో కలిసిపోవును. ఏది పాటయో, ఏది గీతయో యంత్రము విడదీయజాలదు. నకలుకు నకలు తీసిన కొలది చెడుపు పెరుగుచునే యుండును.

అంకెలకు ఈ బాధ లేదు. వోల్టేజిని సెకనుకు వేలమార్లు కొలిచి సంఖ్యలుగా వ్రాసి ఉంచినచో, నూరుమార్లు నకలు తీసినను 27 అను సంఖ్య 27 గానే నిలుచును. టెలిఫోను మాటలను ఈ విధముగా పంపవచ్చునని అలెక్ రీవ్స్ అను ఆంగ్లేయ ఇంజనీరు పారిస్‌లో పనిచేయుచు 1938లో పేటెంటుకు దరఖాస్తు పెట్టెను. అయితే టెలిఫోను మాటకు చాలిన కొలత సంగీతమునకు చాలదు. ఆ లోటు తీర్చుటకు పూనుకొన్నవారిలో అమెరికా ఇంజనీరు థామస్ స్టాకమ్ ముఖ్యుడు. ఆయన ఈ పనికి వచ్చిన దారి తిన్ననిది కాదు. ఆ వంకరదారియే ఆయనకు మేలు చేసినదని నా యభిప్రాయము.

స్టాకమ్ 1933లో న్యూజెర్సీ రాష్ట్రమున జన్మించెను. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో విద్యుత్ ఇంజనీరింగు చదివి, 1959లో డాక్టరు పట్టము పొంది, అక్కడనే ఉపాధ్యాయుడయ్యెను. అచ్చట ఆయన సహచరుడు అమర్ బోస్, తరువాతి కాలమున లౌడు స్పీకర్లకు పేరుపొందినవాడు. ఈయన తండ్రి బెంగాలు నుండి వలసపోయిన దేశభక్తుడు. స్పీకరును, గదియును కలిసి ధ్వనిని ఎట్లు మార్చునో తెలిసికొనుటకు వారికి కంప్యూటరు కావలసివచ్చెను. 1962 ప్రాంతమున స్టాకమ్ టీఎక్స్-0 అను పెద్ద కంప్యూటరుకు ధ్వనిని అంకెలుగా మార్చు పరివర్తకమును జోడించి ప్రయోగములు చేసెను. ఆ పరివర్తకము బెర్నార్డ్ గోర్డన్ స్థాపించిన ఎప్స్కో సంస్థది. ఆ సంస్థ 1954లో తయారుచేసిన పరివర్తకము శూన్యనాళికలతో నడుచుచు, సుమారు 500 వాట్ల విద్యుత్తును మ్రింగెడిది!

1968లో ఆయన యూటా విశ్వవిద్యాలయమునకు మారెను. అక్కడ చేపట్టిన పనులలో ఒకటి 1921లో గతించిన ఇటలీ గాయకుడు ఎన్రికో కరూసో పాటలను శుభ్రపరచుట. ఆ కాలమున గాయకుడు ఒక కొమ్ములోనికి పాడెడివాడు. ఆ కొమ్ము కొన్ని స్వరములను అనవసరముగా మ్రోగించెడిది. అదే పాటను పాడిన తరువాతి గాయకుని మంచి రికార్డుతో పోల్చి, కొమ్ము చేసిన మార్పును లెక్కగట్టి, స్టాకమ్ బృందము దానిని తీసివేసెను. ఆ పాటలు 1976లో పలకలుగా వెలువడెను. ఇంతలో, 1974లో, అధ్యక్షుడు నిక్సన్ టేపులో చెరిగిపోయిన పదునెనిమిదిన్నర నిమిషములను పరీక్షించిన ఆరుగురు నిపుణులలో ఆయన యొకడు. కనీసము ఐదుమార్లు విడివిడిగా చెరిపిన గుర్తులు ఉన్నవని వారు తేల్చిరి.

చెడిన ధ్వనిని బాగుచేయుటలో ఇన్ని యేండ్లు గడిపినవానికి, మొదటనే చెడకుండ పట్టుకొనవలెనను కోరిక కలుగుట సహజమే కదా. 1975లో ఆయన సాల్ట్ లేక్ నగరమున సౌండ్‌స్ట్రీమ్ అను సంస్థను నెలకొల్పెను. జపానులో డెనాన్ సంస్థ 1972 నాటికే 13 బిట్ల రికార్డు యంత్రమును వాడుచుండెను. 13 బిట్లనగా 8,192 మెట్లు. స్టాకమ్ యంత్రము 16 బిట్లది, అనగా 65,536 మెట్లు.

మెట్లు పెంచుటలోని కష్టము తక్కెడను తలచుకొన్నచో తెలియును. ఆనాటి పరివర్తకములలో ఒక ముఖ్యమైన రకము తూకపు పద్ధతిదే. 1, 2, 4, 8 అని రెట్టింపగుచు పోవు పదునారు రాళ్లు ఉన్నవనుకొనుడు. కడపటి రాయి 32,768. తక్కిన పదునైదు రాళ్ల మొత్తము 32,767. మొదట పెద్ద రాయి వేసి చూతురు. ఎక్కువైనచో తీసి, తక్కువైనచో ఉంచి, తరువాతి రాయికి పోవుదురు. ఇచ్చట రాళ్లనగా నిరోధకముల ద్వారా ప్రవహించు విద్యుత్తులు. పెద్ద రాయి ముప్పది వేలలో ఒక వంతు తప్పినను ఆ తప్పు చిన్న రాయి యంత యగును. నిరోధకము కొంచెము వేడెక్కినను అంత తప్పు రావచ్చును.

ఇంతకంటె చిక్కైనది మరొకటి కలదు. ధ్వని సున్నకు ఇరువైపుల ఊగును గనుక సున్నను కొలబద్ద నడుమ ఉంచుదురు. పెద్ద రాయి ఎక్కి దిగు చోటు సరిగా అదియే! కావున ఆ తప్పు పెద్ద శబ్దములలో మరుగుపడి, వీణ తీగ నాదము సన్నగిల్లి ఆగిపోవు చోట గరగరగా బయటపడును. లెక్కలలో మాత్రమే ఆరితేరినవానికి ఈ సంగతి తట్టదు. విద్యుత్తు, శ్రవణము, గణితము మూడును ఎరిగినవానికే ఇది దొరకును.

కొలత వేళయు తప్పరాదు. 20,000 కంపనములు గల గట్టి ధ్వనిని అర మెట్టు తప్పు లేకుండ కొలువవలెనన్న, కొలత క్షణము సెకనులో నూరుకోట్లవ వంతు తీసి, అందులో ఎనిమిదవ వంతుకంటె ఎక్కువ జరుగరాదు. ఆపాటి కాలములో వెలుతురు సైతము రెండంగుళములు దాటదు.

1976లో శాంటా ఫే నాటకశాలలో స్టాకమ్ తొలి యంత్రముతో సంగీతరూపకమును ముద్రించిరి. అది సెకనుకు 37,500 మార్లు కొలిచెడిది. కొలత వేగములో సగముకంటె హెచ్చు పౌనఃపున్యము గల ధ్వనిని లోనికి రానిచ్చినచో అది వేరొక స్వరముగా మారువేషమున తిరిగి వచ్చును. కావున ముందే వడగట్టవలెను. అందుచే సుమారు 17,000 కంపనములపైని ధ్వనులు నిలువలేదు. ఇది చాలదని టెలార్క్ రికార్డు సంస్థవారు పట్టుబట్టగా వేగమును 50,000కు పెంచిరి. 1978 ఏప్రిలులో క్లీవ్‌లాండ్‌లో వాయు వాద్యబృందమును ఆ యంత్రముతోనే ముద్రించిరి. తరువాత వారు నిజమైన ఫిరంగుల మ్రోతతో వెలువరించిన పలకపై ముల్లు గాడిలో నిలువక ఎగిరిపడెడిదట.

స్టాకమ్ 2004లో కాలధర్మము నొందెను. పెద్ద రాయి తగవు తీరిన తీరు వింతగా నుండును. జపానులో ఇనోసె, యసుద మొదలగువారు 1962లోనే సూచించిన పద్ధతిలో ఒకే రాయిని సెకనుకు లక్షలమార్లు వేసి తీయుచు, దాని సగటును గ్రహింతురు. ఒంటరి రాయికి ఇతర రాళ్లతో పేచీ రాదు. నేటి సంగీత పరివర్తకములలో పెక్కింటికి మూలము ఇదియే.

ఉపాధ్యాయులు తరగతిలో త్రాసుతో పెద్ద రాయి తప్పును చూపవచ్చును. 1, 2, 4, 8, 16 గ్రాముల రాళ్లు తీసికొని, 16 రాయికి బదులు 17 గ్రాముల ఇసుక పొట్లము ఉంచి, దానిపై 16 అని వ్రాయుడు. పెద్దదానితో మొదలుపెట్టి, 15 గ్రాముల వస్తువును, 16 గ్రాముల వస్తువును తూపించుడు. రెండింటికిని 15 అనియే జవాబు వచ్చును.